మూడో వరుసలో కూర్చున్న గురువు

టీవీ పాటల పోటీలో ఎవరైనా తమ గురువు కాళ్ళు కడుగుతూ కనిపిస్తే వెంటనే కంటతడి పెట్టకండి. ఆ కుర్చీలో కూర్చోవలసిన మనిషి అతనేనా అని ఒక్కసారి అడగండి. అట్లాంటి పోటీల వెనక చాలా ఏళ్ళు పనిచేసి ఇంటికి చేరినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీలో చాలామంది ఇప్పుడు టీవీ అనీ యూట్యూబ్ అనీ హోసూరులో బెంగళూరు బస్సెక్కుతున్నారు. వద్దనను. ఆ బస్సు నేనూ ఎక్కాను. ఆ దారిలో నాకు ఎదురైన ఒక్క సీజను సంగతి మాత్రం వినిపోండి.

నా ఉద్యోగాన్ని ఫీల్డ్ కోఆర్డినేటర్ అనేవాళ్ళు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చిన హోసూరు మనిషినని తీసుకున్నారు. పాడేవాళ్ళను వెతకాలి, వాళ్ళ ఊళ్ళకు పోయి ఇల్లూ వాకిలీ చూడాలి, పాటకు ముందు తెరమీద వేసే చిన్న పరిచయ చిత్రం తీయించాలి. దాన్ని మేము ‘ఏవీ’ అనేవాళ్ళం. పాట ఎట్లా ఉన్నా సరే, ఏవీలో కన్నీళ్ళుండాలి. తండ్రి తాగుబోతు అయితే మంచిది, తండ్రే లేకపోతే ఇంకా మంచిది. ఈ మాటలు మా మీటింగుల్లో టీ తాగుతూ అనుకునేవాళ్ళు. పెళ్ళిళ్ళకు పురోహితుణ్ణి పిలవని ఇంట్లో, దేవుడున్నాడా లేడా అని అన్నం ముందు కూడా వాదించుకునే పెద్దల మధ్య పెరిగినవాణ్ణి నేను. ఈ ఉద్యోగంలో ఎట్లా నిలిచానని అడుగుతారేమో. అన్నిచోట్లా వాదించేవాణ్ణి. ఓడిపోయేవాణ్ణి. జీతం రోజున వాళ్ళే మర్యాదగా పిలిచేవాళ్ళు.

ఆ సీజను సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళ కోసమని చానలు ప్రకటించింది. మొదలుపెట్టే ముందు షో డైరెక్టరు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, చైనా టీవీలో పేరు తెచ్చుకున్న ఒక పోటీ నుంచి ఒక సీజను ఎపిసోడ్లు వరసగా చూపించాడు. డైరెక్టరు హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రవాడు, పనిమంతుడు, ఎప్పుడూ నన్ను ‘సార్’ అనే పిలిచేవాడు. తెరమీద చైనా అక్షరాలు. మాలో ఎవరికీ ఒక్క ముక్క రాదు. అయినా ఎక్కడ నవ్వాలో తెలిసింది, ఎక్కడ ఏడవాలో ఇంకా బాగా తెలిసింది. పాట పాడే మనిషి కన్నా వినే మనిషి ముఖమే ఎక్కువసేపు చూపిస్తున్నారు. ఒక ఎపిసోడులో కొండ ఊరి యువకుడొకడు పాడాడు. పాట అయ్యాక అతనికి పాట నేర్పిన ముసలాయనను వేదిక మీదికి తీసుకొచ్చారు. ఆ యువకుడు నడుము విరిగేటంత కిందికి వంగి దండం పెట్టాడు. వాళ్ళ దేశంలో ఆ ముసలాయనను ఏ వాకిట్లోకి రానిస్తారో, ఏ వాకిట్లోకి రానివ్వరో నాకు తెలియదు. గోడలు లేని దేశం ఉందని నేను నమ్మను. కానీ ఆ వంగడం చూసి నా కళ్ళూ చెమర్చాయి.

డైరెక్టరు అక్కడ ఆపాడు.

“మనకూ ఒక గురు రౌండ్ కావాలి. వాళ్ళు వంగారు. మనం ఏం చేద్దాం?”

ఎవరో ‘శాలువా’ అన్నారు. ఇంకెవరో ‘సాష్టాంగం’ అన్నారు.

“కాళ్ళు కడిగిద్దాం,” అన్నాడు డైరెక్టరు. “ఇత్తడి తాంబాళం, పసుపునీళ్ళు, క్లోజప్.”

నేను ఊరుకోలేదు. “కృతజ్ఞత చెప్పడానికి మనిషికి నోరుంది. మనిషి కాళ్ళు మనిషి కడగడం ఏం సంస్కారం? మనం పాటల పోటీ పెడుతున్నామా, పూజ పెడుతున్నామా?”

“నోటితో చెబితే రేటింగ్ రాదు సార్,” అన్నాడు. గదంతా నవ్వింది. అక్కడికి ఆ వాదం ఓడిపోయాను.

కృష్ణగిరిలో ఒక కల్యాణమండపంలో ఎంపికలు జరిగాయి. సామల్పట్టి నుంచి, జవళగిరి నుంచి, ఇటు హోసూరు చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చారు. అందరూ సినిమా పాటలే. ఆ పాటల మధ్యలో కుందారపల్లి వైపు నుంచి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి వీధినాటకంలో ద్రౌపది సభలో పాడే పద్యం ఎత్తుకుంది. మైకు కొంచెం పక్కకు జరిపి మరీ ఎత్తుకుంది. వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్నవాళ్ళు కూడా లోపలికి వచ్చేశారు.

“ఎవరు నేర్పినారమ్మా?” అని అడిగాను.

“మా తోట కావలి తాత సార్,” అంది. అంత తేలిగ్గా అంది.

ఆమెది తరాలుగా భూమి ఉన్న రైతు కుటుంబం. మామిడితోటలు, బోర్లు, ట్రాక్టరు. ఏవీకి పనికొచ్చే పేదరికం ఆ ఇంట్లో దొరకలేదు. డైరెక్టరు ఫోనులో నిరాశపడ్డాడు. తాత సంగతి చెప్పగానే లేచి కూర్చున్నట్టున్నాడు. “కావలివాడా? సూపర్ సార్. తోటలోనే తీయండి.”

ఆ తాత ఊరి బయటి కాలనీ మనిషి, మా పక్క కాలనీ అంటే దళితవాడ. వీధినాటకం నేర్పే గురువును మా పక్క వాద్యారు అంటారు. ఆయన పేరున్న వాద్యారు. భారతం పండగల్లో నాటకం ఆడించేవాడు, కాయ కాలంలో మామిడితోట కాసేవాడు. ఆ అమ్మాయికి బడి సెలవులు, ఆయనకు తోట కావలి ఒకే కాలంలో వచ్చేవి. చిలకల మీద వడిసెల తిప్పుతూ ఆయన పాడుకుంటూ తిరిగితే, ఈ పిల్ల వెనకాలే తిరిగి నేర్చుకుంది.

నేను ఆయనను ఏదో అణకువగల ముసలాయన అనుకొని పోయాను. కెమెరా చూసీ చూడకముందే ఆజ్ఞలు మొదలయ్యాయి.

“ఆ పక్క వద్దప్పా. ఈ పక్క పెట్టు. నాకు ఈ పక్క మొగం బాగుంటాది. మీసం కనబడల్ల.”

“ఎట్లా నేర్పినావు తాతా?”

“నేను తోటకు ఈ కొసన నిలబడతా. అమ్మణ్ణి ఆ కొసన నిలబడి పాడల్ల. నాకు ఈడికి మాట మాటా తెలవల్ల. తెలవకుంటే మళ్ళా పాడల్ల. నాటకంలో మీ మైకులు యాడుండాయి? ఆఖర్న కూర్చున్న ముసిల్దానికి ఏడుపు రావల్ల. అదీ గొంతంటే.”

“తప్పు పాడితే?”

“తిట్టినా. ఊరికే తిట్టినాననుకున్నావా? నా తిట్లకి చిలకలు కూడా పోయినాయి.”

అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వు మంచి షాటు అయింది. వాళ్ళు ఎక్కడ కూర్చుని పాడేవాళ్ళో చూపించమన్నాను. మోటారు గది మెట్టుమీద అమ్మాయి కూర్చుంది. తాత కింద మట్టిలో కూర్చున్నాడు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళ ఒళ్ళకు అది అలవాటు. శిష్యురాలు మెట్టుమీద, గురువు నేలమీద. దేశంలో నేను చూసిన గురుకులాల్లో అట్లాంటిది అదొక్కటే.

తండ్రి చెడ్డవాడని నేను చెప్పలేను. చెప్పగలిగితే ఈ కథ చాలా సులువయ్యేది. మా అందరికీ కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చాడు. “మా అమ్మాయికి దేవుడిచ్చిన గొంతప్పా,” అన్నాడు.

“ఇచ్చింది దేవుడా, వాద్యారా?” అన్నాను.

“నువ్వు దేవుడు లేడనే పార్టీ అంట గదా,” అని భుజం తట్టి నవ్వాడు. “సరే, తాత ద్వారా దేవుడు.”

సీజను నడిచింది. అమ్మాయి ఒక్కొక్క వారం దాటుకుంటూ పైకి వచ్చింది. చానలు వాళ్ళు ఆమెకు శాస్త్రీయ సంగీతం మెరుగులు కూడా కావాలని హోసూరులో పాఠాలు చెప్పే ఒక సంగీతం మాస్టారి దగ్గర చేర్చారు. ఆయన కొన్ని వారాలు శ్రద్ధగానే చెప్పారు. ఈలోగా హైవే పొడుగునా అమ్మాయి ఫ్లెక్సులు లేచాయి. కింద ఆమె కులసంఘం పేరు, పైన పెద్దల ఫోటోలు, మధ్యలో ఎక్కడో అమ్మాయి. ఓట్లు కట్టలు కట్టలుగా పడుతున్నాయని చానలు సంబరపడింది.

అప్పుడు గురు రౌండు ప్రకటించారు.

తండ్రి నన్ను వెతుక్కుంటూ హోసూరు వచ్చాడు. బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చున్నాం. అతను టీ గ్లాసు పక్కకు జరిపాడు.

“ఎవురు కడిగేది, ఎవురి కాళ్ళు కడిగేది?” అన్నాడు.

“మీ అమ్మాయి. వాద్యారుగారి కాళ్ళు.”

“వాద్యారు గారా!” ఆ ‘గారు’ దగ్గర ఆగిపోయాడు. “చూడప్పా, పాట నేర్పినాడు. నేను కాదన్నానా? ఏటా పంచె పెడతాండాను. పిల్లకి జరం వస్తే వాడే ఎత్తుకొని పరిగెత్తినాడు, అదీ మరిచిపోలేదు. స్టేజీ మీదికి పిలవండి, శాలువా నేనే కప్పుతా. కాళ్ళు మాత్రం వద్దు.”

“కాళ్ళు కడిగేది నాకూ ఇష్టం లేదు. ఎవరివీ కడగొద్దని పోట్లాడినవాణ్ణి. కానీ అందరి గురువుల కాళ్ళూ కడిగి ఈయనవి మాత్రం వదిలేస్తే, అది అందరికీ ఏం చెప్పినట్టు?”

“అందరికీ తెలిసిందే చెప్పినట్టు,” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. “మా వాళ్ళంతా ఓట్లేస్తాండారు. ఆ ఫ్లెక్సులు కట్టినోళ్ళే వాటిని చించుతారు. నువ్వు సంఘాన్ని మార్చు, పో. నా బిడ్డతోనే మొదలుపెట్టల్నా?”

ఎవరి బిడ్డతో మొదలుపెట్టాలి? సంస్కరణ గురించి నేను విన్న ఉపన్యాసాలన్నింటినీ ఆ ఒక్క ప్రశ్న మూలన కూర్చోబెడుతుంది. ప్రతివాడూ పక్కింటి బిడ్డతో మొదలుపెట్టమంటాడు.

డైరెక్టరు అప్పటికే లెక్క వేసుకున్నాడు. “సార్, నాకు పర్సనల్‌గా ఆ తాత అంటే పిచ్చి. కానీ ఆ ఏరియా ఓటింగ్ మొత్తం ఆ అమ్మాయి మీదే నడుస్తోంది. సంగీతం మాస్టారిని కూర్చోబెడదాం. టెక్నికల్‌గా ఆయనా గురువే కదా. తాతను ఆడియన్స్‌లో పెడదాం. అమ్మాయికి కూడా తాత వస్తున్నాడనే చెప్పాం. అబద్ధం కాదు కదా.”

నేను సంగీతం మాస్టారి ఇంటికి పోయాను. ఆ కుర్చీ ఆయన వద్దంటే చాలనుకున్నాను. ఆయన తలుపు తీసి, నా ముఖం చూసి, నేను అడగకముందే జవాబు చెప్పారు.

“నేను పోకుంటే ఇంకొకరిని తెస్తారు. పైగా నేను నేర్పలేదా? గొంతు ఆయనిచ్చినాడు, శ్రుతి నేనిచ్చినాను. వాళ్ళు కుర్చీ ఒకటే వేసినారు. నన్నేం చెయ్యమంటారు?”

“రెండోది వెయ్యమనండి.”

“నా పక్కనా?” అన్నారు. నేను వెనక్కి వచ్చేశాను.

తాతకు ఈ సంగతి చెప్పాలని తోటకు పోయాను. నేను నోరు తెరిచేలోపలే ఆయన కాళ్ళు చాపి చూపించాడు. ఇటికరాయితో మడమలు రుద్దుతున్నాడు. పక్కన కొబ్బరినూనె.

“పగుళ్ళప్పా. అమ్మణ్ణి చేతికి గుచ్చుకుంటాయి. దినామూ రుద్దతాండా.”

“తాతా, ఆ కుర్చీలో నిన్ను కూర్చోబెట్టడం లేదు. సంగీతం మాస్టారిని కూర్చోబెడుతున్నారు. అమ్మాయి తండ్రి ఒప్పుకోలేదు. టీవీ వాళ్ళూ సరేనన్నారు.”

ఆయన నా వంక జాలిగా చూశాడు. పాపం, ఈ సారుకు ఏమీ తెలియదన్నట్టు చూశాడు.

“వాళ్ళు ఒప్పుకోరని నాకు తెలవదా? నేను ఈ ఊర్లో నిన్న పుట్టినానా? కానీ పట్టుకునేది అమ్మణ్ణి గదా తాంబాళం. అమ్మణ్ణి పిలుస్తాది.” మళ్ళీ రాయి తీసుకున్నాడు. “ద్రౌపది వేషానికి నేను నేర్పినాను సారూ. సభలో నోరు తెరవల్లని.”

ఆ షూటింగు బెంగళూరు పొలిమేరలో వేసిన సెట్టులో జరిగింది. పొద్దున్నే తాత కుటుంబంతో పాటు వ్యానులో వచ్చాడు. వెనక సీటులో వచ్చాడు. కొత్త చొక్కా, దువ్విన మీసం. అమ్మాయి పరిగెత్తుకొచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆమెకు అప్పటికీ అసలు సంగతి చెప్పలేదు. మేకప్పు అయ్యాక తండ్రీ డైరెక్టరూ కలిసి చెప్పారు. గది బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం చూశాను. “సార్, తాత ఉన్నాడు కదా లోపల?” అంది నాతో.

“ఉన్నాడమ్మా. మూడో వరుసలో ఉన్నాడు. నీకు ఒకటే చెబుతాను. తాంబాళం నీ చేతిలో ఉంటుంది. అది నీ చేతిలో ఉన్నంతసేపు ఎవరూ నిన్ను ఆపలేరు.”

ఎవరో ఇది విని డైరెక్టరుకు చేరవేశారు. అతను వచ్చి, చాలా మర్యాదగా, “సార్, మీరు ఇవాళ ఫ్లోర్ మీద వద్దు,” అన్నాడు. నేను వెళ్ళి మూడో వరుసలో తాత పక్కన కూర్చున్నాను. ఆయన చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టుకున్నాడు. ఉత్త కాళ్ళతో, పిలవగానే లేవడానికి వీలుగా, అంచుమీద కూర్చున్నాడు.

ఒక్కొక్క పోటీదారు పాడారు, ఒక్కొక్క గురువు కాళ్ళు కడిగారు. జనం ప్రతిసారీ చప్పట్లు కొట్టారు. అమ్మాయి వంతు వచ్చింది. ఆ తోట పద్యమే పాడింది. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. తాత పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఒకచోట ఆమె మలుపు కొద్దిగా మార్చింది. “మాస్టారి పని,” అని గొణిగాడు, ఇష్టం లేనట్టు.

సంగీతం మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తాంబాళం తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టారు. యాంకరు గురుశిష్య పరంపర గురించి ఏదో చెబుతోంది. అమ్మాయి తల ఎత్తి మూడో వరుస వంక చూసింది. అట్లాగే నిలబడిపోయింది. యాంకరు మాటలు అయిపోయాయి. వాద్యాలు ఆగాయి. తాత లేవబోతున్నట్టు చేతులు కుర్చీ పిడుల మీద ఆనించాడు. దేవుణ్ణి నమ్మేవాణ్ణయితే ఆ ఘడియలో మొక్కుకుని ఉండేవాణ్ణి.

మొదటి వరుసలో తండ్రి దగ్గాడు. అంతే. ఒక్క దగ్గు.

అమ్మాయి వంగింది. కడిగింది. కడుగుతూ ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది. చూస్తున్నవాళ్ళంతా ఎంత గురుభక్తి అని తామూ ఏడ్చారు. న్యాయనిర్ణేతలు లేచి నిలబడ్డారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆ కన్నీళ్ళు ఎవరికోసమో ఆ సెట్టులో తెలిసినవాళ్ళం కొందరమే.

తాత కుర్చీ పిడుల మీది చేతులు తీశాడు. కాలితో తడుముకుని చెప్పులు తొడుక్కున్నాడు.

“పోదామా సారూ?” అన్నాడు.

ప్రసారమైనప్పుడు మూడో వరుసలో ఆయన ముఖం కూడా వేశారు. నిజానికి మంచి షాటు. మీసం ఉన్న పక్కే. కింద అక్షరాలు పడ్డాయి: ‘స్వగ్రామం నుంచి వచ్చిన అభిమాని’. సీజను మొత్తంలో జనం ఎక్కువగా చెప్పుకున్నది ఆ ఎపిసోడు గురించేనని డైరెక్టరు ఆఫీసులో మిఠాయి పంచాడు. గురు రౌండు కోసమని దాచిపెట్టిన నా తోట చిత్రం, ఆ నవ్వు, ఆ చిలకల తిట్లు, ఒక్కటీ ఎక్కడా వెయ్యలేదు. ఎక్కడుందని అడిగితే, ‘స్పేస్ చాల్లేదు, తీసేశాం’ అన్నారు. మరుసటి సీజనుకు నన్ను పిలవలేదు. నేనూ అడగలేదు.

ఇక ఆ ఓట్ల సంగతి. ఫైనల్స్‌లో అదే కులానికి చెందిన ఇంకో పోటీదారు మిగిలాడు. అతనిది జనం ఎక్కువున్న జిల్లా. సంఘం పెద్దలు కూర్చుని, ఓట్లు చీలిపోతే ఇద్దరూ ఓడతారని తేల్చి, అతనికే వెయ్యమన్నారు. కుందారపల్లి దగ్గర ఫ్లెక్సులు గాలికి ఊగుతూనే ఉన్నాయి, ఓట్లు మాత్రం వేరే జిల్లాకు పోయాయి. అమ్మాయి ఓడిపోయింది. ఏ ఓట్ల కోసమైతే గురువును మూడో వరుసలో కూర్చోబెట్టారో ఆ ఓట్లే రాలేదు. ఇది కర్మఫలమని కొందరు నాతో అన్నారు. మూఢత్వానికి మూఢత్వమే మందా? కర్మ కాదు నాయనా, కులం లెక్క. దానికి తనవాళ్ళను కూడా కూడికల్లో తీసివేతల్లో చూసే అలవాటుంది.

ఆ పిల్లను తిట్టడం సులభం. చాలామంది తిట్టమనే నన్ను అడిగారు. కానీ ఆమె చేతిలో ఆ తాంబాళం పెట్టింది ఎవరు? లెక్కలు వేసిన డైరెక్టరు, దగ్గిన తండ్రి, కళ్ళు మూసుకున్న మాస్టారు. ఒక్కొక్కరూ మంచివాళ్ళే. మన దేశంలో ఈ పని చెయ్యడానికి దుర్మార్గులు అక్కర్లేదు, మంచివాళ్ళు సర్దుకుంటే సరిపోతుంది. అయినా వంగిన నడుము ఆమెదే. అది కూడా చెప్పకపోతే నేనూ సర్దుకున్నవాణ్ణవుతాను.

మళ్ళీ కాయ కాలం వచ్చింది. తాత ఆ ఏడు వాళ్ళ తోటకు పోలేదు, పక్క ఊరి తోట కావలికి కుదిరాడు. ఒకరోజు అమ్మాయి నాకు ఫోను చేసింది. “సార్, తాత నాతో మాట్లాడటం లేదు. రేపు పోతాండాను. మీరూ రండి సార్.”

నేను పోయేసరికి కారు తోట గేటు దగ్గర ఉంది. తండ్రి దాని పక్కన నిలబడ్డాడు. అమ్మాయి తోటలోపల, ఇత్తడి తాంబాళం, చెంబు నిండా నీళ్ళు, కొత్త పంచె పట్టుకొని తాత ముందర నిలబడి ఉంది. తాత మంచం మీద కూర్చున్నాడు. ఆమె వంగబోతే కాళ్ళు మంచం మీదికి తీసుకున్నాడు.

“ఈడ ఎవురు చూస్తారమ్మణ్ణీ?” అన్నాడు. తిట్టలేదు, మెల్లగా అన్నాడు. “ఆడ లోకమంతా చూసింది. ఈడ చిలకలు చూస్తాయి.”

“తప్పయిపోయింది తాతా.”

“తప్పని నాకు చెప్పినావు. సరే. ఆ కనబడేది మా కాలనీ. ఆ నీళ్ళట్యాంకి పక్కన మా ఇల్లు. ముందర తిన్నె ఉంది. నేను ఆడ కూర్చుంటా. ఆడికొచ్చి కడుగు. ఆడోళ్ళు చూస్తారు, పిల్లోళ్ళు చూస్తారు. నా పెండ్లాం చూడల్ల. టీవీలో నన్ను అభిమాని అన్నప్పట్నుంచీ అది నన్ను చూసి నవ్వతాండాది.”

అమ్మాయి గేటు వంక చూసింది. తండ్రి ఈసారి దగ్గలేదు. ఫోను తీసి చూసుకుంటున్నాడు.

“పోదాం రామ్మా,” అన్నాను. “నడిస్తే అంతే దూరం. నేనూ వస్తాను.”

“తాతా, నాన్న…” అంది.

“తెలుసమ్మణ్ణీ,” అన్నాడు తాత. “పో. ఎండెక్కతాంది.”

పంచె మంచం కోడు దగ్గర పెట్టింది. రైతు బిడ్డ కదా, నీళ్ళు పారబోయలేదు. పక్కనున్న మామిడిచెట్టు పాదులో పోసి, ఖాళీ చెంబు తాంబాళంలో పెట్టుకొని, పోయి కారెక్కింది.